ఇంకొక్కసారి అన్నయ్య

రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించి, ఆనక రికార్డింగ్ ఇంజనీరైన అతన్ని పాటగాళ్లంతా ‘ఇంకొక్కసారి అన్నయ్య’ అంటారు. ఎవరెంత బాగా పాడినా, కంట్రోల్ రూమ్‌లో కూర్చుని బటన్ నొక్కి, వాళ్ల హెడ్‌ఫోన్స్‌లో అతను చెప్పే మాట ఒకటే: “బాగుంది. ఇంకొక్కసారి.”

గిటార్ పక్కన పెట్టేసిన పదేళ్ల తర్వాత, ఆ రాత్రి తన పాట కోసం తనే గిటార్ పట్టాడు. అందరినీ పంపించేసి, తలుపుకి లోపల గడియ పెట్టాడు. రికార్డింగ్ ఆన్ చేసి, అద్దానికి ఇవతల, పాటగాళ్లు పాడే గదిలోకి పరుగెత్తుకొచ్చి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వాయించాడు. వేళ్లు ఏమీ మరిచిపోలేదు! ఒళ్లంతా పులకరించింది. చివరి తీగ మోత సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టి, ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి భార్యకి ఫోన్ చేశాడు.

“ఫస్ట్ టేక్‌కే కుదిరిందే! గెంతాలనుంది!”

“నువ్వు? ఒక్కసారితో సరిపెట్టుకోవడమా?” ఆవిడ పకపకా నవ్వింది. “ఇక ఇంటికి రా మరి.”

“వచ్చేస్తున్నా!”

రెండో చెవిలో టక్కుమని బటన్ నొక్కిన చప్పుడైంది. తలెత్తాడు. అద్దం అవతల కంట్రోల్ రూమ్‌లో తన కుర్చీ ఖాళీగా ఉంది. చెవిలో మాత్రం అచ్చంగా తన గొంతే.

“బాగుంది. ఇంకొక్కసారి.”

కింద పెట్టిన ఫోన్‌లో భార్య “బయల్దేరావా?” అని అడుగుతూనే ఉంది. అతని వేళ్లు అప్పటికే తీగల మీదున్నాయి.