శేఖర్ సేటు షుగర్

ఆ పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఖాజా చేతిలో ఉన్నది షుగర్ చూసే మిషను ఒకటి, అందులో పెట్టే గుప్పెడు పట్టీలు. కడుపులో ఉన్నది ఏడాదిగా మగ్గుతున్న పగ. అంతకు మించి పెట్టుబడి లేదు.

నిరుటి దాకా, అంటే రెండు వేల ఐదు వరకు, నాగర్‌కర్నూల్‌లో తేనె అంటే ఖాజాదే. నల్లమలలో చెంచులు తీసిన తేనె అతని చేతుల మీదుగానే హైదరాబాద్‌లోని మందుల కంపెనీకి పోయేది. పక్క దుకాణం శేఖర్ సేటు కన్ను ఆ ఆర్డరు మీద పడింది. ఖాజా తేనెలో పంచదార పాకం కలుపుతున్నాడని కంపెనీ చెవిన వేశాడు. నిజమా, అబద్ధమా అని అడిగినవాళ్లు లేరు. ఆర్డరు సేటుకు పోయింది. ఖాజాకు 'పాకంల ఖాజా' అన్న పేరు మిగిలింది. హోటల్లో చాయ్ తాగుతుంటే కూడా వెనక నుంచి ఆ మాటే వినిపించేది.

ఖాజాకు షుగర్ ఉంది. తన కోసం కొనుక్కున్న మిషన్నే ఇప్పుడు బస్టాండు బయట పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు షుగర్ చూస్తూ పొట్ట పోసుకుంటున్నాడు.

"సేటు దుకాణం కాడికి పోకు. జర ఓపిక పట్టు," అంది భార్య సుల్తానాబీ.

"ఏడాది సంది ఓపికనే పట్టిన. ఇగ సేటును పట్టుకుంట," అన్నాడు ఖాజా చెప్పులేసుకుంటూ.

సేటు దుకాణం ముందు వ్యాను ఆగి ఉంది. హమాలీ యాదయ్య తేనె డబ్బాలు ఎక్కిస్తున్నాడు. సరుకు తీసుకెళ్లడానికి కంపెనీ ల్యాబు నుంచి ఉమ వచ్చింది. సేటు ముందుగా పంపిన సాంపిల్‌ను తనే పరీక్షించి బాగుందని రాసిన మనిషి ఆమె.

సేటు ఒక డబ్బా మూత తీశాడు. ఎప్పటిలాగే అందులో చూపుడువేలు ముంచి, బొటనవేలికి తాకించి విడదీశాడు. సన్నటి తీగ సాగింది.

"సూడుండ్రి మేడం, తెగుతనే లేదు. నల్లమల తేనె అంటే గిట్లుంటది!"

ఖాజా సరిగ్గా అప్పుడే గడప దగ్గరికి వచ్చాడు.

"ఏంది సేటూ, గింత చిక్కిపోయినవ్? షుగర్ గిట్ల వచ్చిందా?"

"తేనె దుకాణం బందువెట్టి నెత్తురు దుకాణం తెరిసినవా, పాకంల ఖాజా?"

యాదయ్య డబ్బా దించి మరీ నవ్వాడు.

ఖాజా నవ్వలేదు. "నీకు షుగర్ ఉంది. నా మాట తప్పయితే, నా తేనెల పాకం కలిపిన్నని గీ మేడం ముందర్నే ఒప్పుకుంట."

"ఉంటే?"

"నా మీద సెప్పింది అబద్ధమని నువ్ ఒప్పుకోవాలె."

సేటు లోలోపల మురిసిపోయాడు. పోయిన నెలలోనే పట్నంలో ఒళ్లంతా చూపించుకుని వచ్చాడు. షుగర్ లేదు, బీపీ లేదు. ఖాజా తనంత తానే వచ్చి ఉచ్చులో మెడ పెడుతున్నాడు. అయినా వ్యాపారస్తుడు కదా, ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు.

"మేడం, ఈ డబ్బీని నమ్మొచ్చునా?"

"నమ్మొచ్చు," అంది ఉమ. "పట్టీ మీద ఎంజైము పూత ఉంటుంది. గ్లూకోజు తగలగానే ఆ ఎంజైము దాని నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని తీగకు అందిస్తుంది. ఎంత కరెంటు పారిందో కొలిచి మిషను అంకె చూపిస్తుంది. గ్లూకోజు ఒక్కటే దానికి కావాలి. మనం చాయ్‌లో వేసుకునే పంచదారను అది ముట్టుకోను కూడా ముట్టుకోదు."

"ఇగ సూడు మరి," అని సేటు చూపుడువేలు చాచాడు.

"తుడవడానికి స్పిరిటు దూది లేదా?" అడిగింది ఉమ.

"అయిపోయింది మేడం."

ఉమ సేటు వేలి వంక చూసింది. ఖాజా వంక చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

సూది గుచ్చగానే నెత్తురు చుక్క ఉబికింది. పట్టీ దాన్ని పీల్చుకుంది. కాసేపటికి మిషను మీద అంకె వచ్చింది.

తొంభై నాలుగు.

"మేడం, ఇంకోపారి సూస్త," అన్నాడు ఖాజా.

"పదిపార్లు సూడురా!" సేటు అదే వేలు మళ్లీ ముందుకు తోశాడు.

ఇంకో పట్టీ పెట్టినా అటూ ఇటూగా అదే అంకె.

సేటు తొడ చరిచాడు. "నా ఒళ్లు బంగారం! ఇగ ఒప్పుకో. గట్టిగ సెప్పు, బజారంత ఇనవడాలె."

ఖాజా మిషను ఉమ చేతికిచ్చాడు. ఆమె ఆ అంకె వంక చూసింది. తర్వాత మూత తీసి ఉన్న డబ్బా వంక చూసింది.

"యాదయ్యా, ఎక్కించినవన్నీ దించెయ్," అంది. ఖాజా వైపు తిరిగింది. "ఖాజా గారూ, ఈ ఏడు మీ దగ్గర తేనె దొరుకుతుందా?"

"చెంచోళ్ల తాన ఉంది మేడం. ఎల్లుండికి తెప్పిస్త."

పోయిన ఆర్డరు వచ్చింది. దాని వెంట పేరూ వచ్చింది. వడ్డీ కింద, సేటు ముఖం పాలిపోవడం ఖాజా తనివితీరా చూశాడు.

"గిదేం అన్యాయం మేడం?" సేటు గొంతు చించుకున్నాడు. "నాకు షుగర్ లేదని తేలింది గద, గెలిసింది నేనే గద!"

ఖాజా మిషను జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "గ్లూకోజుండే అసలు తేనె అంటిన నా చేతికి ఓపారి గీ మిషను ఐదొందలు దాటింది సేటూ, పాకం అంటిన నీ వేలికే తొంభై నాలుగు సూపింది."