షిప్పు గడియారం

కారేపల్లిలో జనాజా లేవడానికి తయారుగా ఉంది. షబ్రీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా అన్న అమ్మీ మొఖం చూడాలె. అప్పటిదాంక లేపొద్దు."

అన్న ఖాలిద్‌కు టూరిస్టుల షిప్పులో బట్టలుతికే పని. పనిలో ఉన్నంతసేపు ఫోన్ ముట్టనివ్వరు. షిప్పులో పన్నెండు అయితేనే, తిండి గంటలో, ఫోన్ చేతికొస్తుంది. జ్వరంతో జల్దీ పడుకున్న అమ్మ తెల్లారి లేవలేదని అతనికింకా తెలియదు.

ఇంట్లో గోడకు రెండు గడియారాలు. ఒకటి ఊరిది, ఒకటి షిప్పుది. షిప్పుది అమ్మే చూసుకునేది. ఇప్పుడందులో పదకొండున్నర.

"మట్టి చేసుడు ఆలస్యం చేయొద్దు బిడ్డా," అన్నాడు మసీదు పెద్ద.

"గా గడియారంల పన్నెండు కానియ్యిండ్రి. మా అన్న ఫోన్ ఎత్తుతడు."

పన్నెండయింది. షబ్రీన్ వీడియో కాల్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేసింది.

"తిండి గంటల గూడ ఎత్తడా! ఏం కొడుకువురా నువ్వు!" అని ఫోన్‌ను తిట్టి, గుమ్మం వదిలింది. జనాజా వెళ్లిపోయింది.

సాయంత్రం పరుపు చుడుతుంటే దిండు కింద అమ్మ ఫోన్ దొరికింది. సైలెంట్‌లో ఉంది. అందులో ఖాలిద్ కాల్స్ వరసగా ఉన్నాయి. అన్నీ షబ్రీన్ చేయడానికి గంట ముందువి.

నిన్న రాత్రి పంపిన వాయిస్ మెసేజ్ కూడా ఉంది. ఎవరూ వినలేదు. షబ్రీన్ నొక్కింది.

"అమ్మీ, షిప్పుల టైం మారుస్తుండ్రు. పండుకునేముందు నీ గడియారం గంట ముందుకు తిప్పుకో. మర్చిపోయినవంటే రేపు మనం ఒకర్నొకరం చూసుకోలేం."