రంగుమందు

కందిపప్పు తూస్తున్న లక్ష్మీకాంత్ చేతిలోంచి కిలో రాయి జారి కాలి పక్కన పడింది.

వంగి తీయబోయాడు. చెయ్యి లేవలేదు.

"ఏమైందండీ?" కొట్టు వెనక ఇంట్లోంచి భార్య ఉషశ్రీ పరుగెత్తుకొచ్చింది.

ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. మూతి ఒక పక్కకి లాగేసింది.

2007 వేసవి. అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర.

మరిది కిషోర్ కారు తీశాడు. జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు మీదుగా హైవే ఎక్కారు. దారి పొడుగునా ఉషశ్రీ "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉంది. పరిటాల దాటాక ఆయన కళ్లు తిప్పి చూడడం కూడా మానేశాడు.

పదకొండు గంటలకి బెజవాడ ఆసుపత్రిలో మొదటి స్కాన్ తీసి డాక్టరు బయటికొచ్చాడు.

"మెదడులో రక్తం కారలేదు. ఎక్కడో గడ్డ అడ్డం పడింది. ఇప్పుడు రంగుమందు ఎక్కించి ఇంకో స్కాన్ తియ్యాలి. రక్తం ఎక్కడిదాకా వెళ్తోందో, ఏ భాగం ఇంకా బతికుందో అందులో తెలుస్తుంది. బతికున్న భాగం ఉంటేనే గడ్డ కరిగే ఇంజక్షన్ ఇస్తాం."

"ఆ మందు వల్ల ప్రమాదమా అండీ?"

"చాలామందికి ఏమీ కాదమ్మా. ఎవరో ఒకరికి పడకపోవచ్చు. ఊపిరి అందకపోవచ్చు. అందుకే సంతకం అడుగుతున్నాం. త్వరగా తేల్చుకోండి."

నర్సు కాగితం తెచ్చింది. అందులో 'ప్రాణాపాయం' అన్న మాట తప్ప ఉషశ్రీకి ఇంకేమీ కనిపించలేదు.

"నా చేత్తో నేను రాసివ్వనా కిషోర్? లోపల ఏమైనా అయితే?"

"పెద్దన్నయ్య హైదరాబాదులో బయల్దేరాడు వదినా. వచ్చేదాకా ఆగుదాం."

"ఆగొద్దమ్మా."

బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ అంది ఆ మాట. నల్ల బురఖా, ఒళ్లో ఖాళీ నీళ్ల సీసా.

"ఆ మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుందంట. నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుందంట. అర నిమిషంలో తగ్గిపోద్ది. సంతకం పెట్టు తల్లీ."

"మీరెవరండీ?"

"మాది నందిగామ. నజీరా నా పేరు."

కిషోర్ వదిన చెవిలో గొణిగాడు. "ఆసుపత్రివాళ్లే పెట్టుంటారు ఇలాంటివాళ్లని. జనాన్ని ఒప్పించడానికి."

ఉషశ్రీ భయమంతా కోపమైంది.

"లోపలున్నది మీ మనిషి కాదు కదా! మీరెన్నైనా చెప్తారు."

ఆవిడ లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

పదకొండుంపావు అయింది. లోపలినుంచి సన్నగా వినిపిస్తున్న మూలుగు ఆగిపోయింది.

"కిషోర్, వినపడట్లేదు! చూడవయ్యా!"

కిషోర్ తలుపు దాకా వెళ్లాడు. తొయ్యడానికి ధైర్యం చాల్లేదు.

నజీరా మళ్లీ వచ్చింది. ఈసారి ఉషశ్రీ కాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది.

"నన్ను తిట్టమ్మా. ఎంతైనా తిట్టు. తిట్టుకుంటూనే సంతకం పెట్టు. టైము పోతా ఉంది."

ఆ గొంతులో ఏముందో తెలీదు. ఉషశ్రీ పెన్ను తీసుకుంది. అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి.

లక్ష్మీకాంత్‌ని స్కాన్ గదిలోకి తోశారు. తలుపు మూసుకుంది. గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది.

ఊపిరి అందకపోవచ్చు. ఆ మాటే ఉషశ్రీ చెవుల్లో మోగుతోంది.

నజీరా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ చూపు మాత్రం వరండా చివరి తలుపు మీదే ఉంది.

దీపం ఆరింది. డాక్టరు లోపలికి పిలిచి తెర చూపించాడు.

"ఈ నల్లగా ఉన్న భాగం ఇక చచ్చిపోయినట్టే. చుట్టూ ఈ నీలం చూశారా? రక్తం బాగా తగ్గింది గానీ ఇంకా బతికే ఉంది. గంట ఆలస్యమైతే ఇదీ దక్కేది కాదేమో. ఇంజక్షన్ మొదలుపెడుతున్నాం."

సాయంత్రం నాలుగింటికి లక్ష్మీకాంత్ కుడిచేతి వేళ్లు కదిలాయి. ముద్దగానే అయినా "ఉషా" అన్నాడు.

ఉషశ్రీ ఏడుస్తూ బయటికి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది. కిటికీ దగ్గరా ఎవరూ లేరు.

"నందిగామ ఆవిడ ఎక్కడండీ? ఇక్కడ పనిచేస్తారు కదా? ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను" అంది నర్సుతో.

"నజీరాగారా? ఆవిడ ఇక్కడ పనిచెయ్యరండీ. వాళ్లబ్బాయి ఆరిఫ్‌ని పొద్దున ఆరింటికి తెచ్చారు. మీవారికొచ్చిన జబ్బే. మూడింటికి పోయాడు. ఇందాకే ఇంటికి తీసుకెళ్లారు."

ఉషశ్రీ ఖాళీ బెంచీ వైపు చూసింది.

"ఆ అబ్బాయికి స్కాన్ తియ్యలేదా?"

"తీశారండీ, తొమ్మిది దాటాక" నర్సు గొంతు తగ్గించింది. "రంగుమందంటే భయపడి, పెద్దకొడుకు వచ్చేదాకా సంతకం పెట్టనని మూడు గంటలు ఆ బెంచీమీదే కూర్చుంది ఆ తల్లి."