మట్టిరంగు నెవిల్

దుకాణం నుంచి వచ్చేసరికి గాజుపెట్టె మూత పక్కకు జరిగి ఉంది. లోపల నెవిల్ లేడు.

నెవిల్ మా చెట్టుకప్ప. ఎవరో అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ చుక్క నీళ్లయినా పెట్టకుండా వదిలేసి పోతే ఇంటికి తెచ్చుకున్నాను. ఎండిన తోలులా మట్టిరంగులో ఉండేవాడు. రాత్రుళ్లు బొద్దింకలు పట్టి చీకట్లోనే పెట్టెలో వేస్తున్నాను.

"క్లారీ! ఇవాళ కప్పనేమైనా పట్టావా?"

"పట్టకేం? వంటింటి గుమ్మంలోనే కూర్చుందొకటి. ఫ్రిజ్‌లో పెట్టా," అన్నాడు మా ఆయన వరండాలోంచి.

ఆస్ట్రేలియాలో, మా క్వీన్స్‌లాండ్‌లో, విషపుకప్ప దొరికితే ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి చలికి చంపేస్తాం. దాని రంగూ మట్టిరంగే.

ఫ్రిజ్ తెరిచి డబ్బా మూత తీశాను. ఒళ్లంతా పొక్కులు. విషపుకప్పే. హమ్మయ్య!

"నెవిల్‌గాణ్ణి నేను గుర్తుపట్టలేననుకున్నావా, పిచ్చిదానా?" క్లారీ నవ్వాడు. "నిన్న చూశా, వీపు పచ్చబడుతోంది. ఒంట్లో బాగుంటే పచ్చగా నిగనిగలాడతాయివి. బతికించావే వాణ్ణి!"



పొద్దున స్నానాలగదిలో నిగనిగలాడే పచ్చకప్ప కనిపిస్తే, బయటిదేదో వానకి లోపలికొచ్చిందనుకుని, కిటికీ తీసి, పాములు తిరిగే మామిడిచెట్టు మీదికి వదిలింది నేనే.