జానెడు ఎక్కువ

సూర్యారావు కాలు విరగ్గొట్టడానికి పురుషోత్తం సింగపూర్లోని యీషున్ మార్కెట్లో చిన్న రంపం ఒకటి కొన్నాడు.

ఎదురుగా వెళ్ళి కలబడే రకం కాదు పురుషోత్తం. సూర్యారావు ఆరడుగుల మనిషి. ఇతగాడు ఐదడుగుల రెండంగుళాలు, అదీ బూట్లతో కలిపి. రైల్లో పైన వేలాడే పిడి అందక పక్కవాడి బ్యాగు పట్టుకుని ప్రయాణం చేసే మగధీరుడు. సూర్యారావుని చెంపదెబ్బ కొట్టాలంటే ముందు స్టూలు వేసుకోవాలి. ఈ మాట వేరెవరో అననక్కర్లేదు, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ పురుషోత్తమే రోజూ తనని తాను అనుకుంటాడు.

వై టు కే గండం పుణ్యమా అని మొగుడూ పెళ్ళాలిద్దరికీ సింగపూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొచ్చాయి. గండం గడిచిపోయింది, ఉద్యోగాలు మిగిలాయి, కాపురం హాయిగానే ఉందనుకున్నాడు. మొన్న ఆదివారం చెప్పు కోసం మంచం కిందకి దూరాడు. అలాంటి చోట్ల దూరడం తనకి తేలికే. చేతికి పొడుగాటి మూట తగిలింది. విప్పితే రెండు స్కీలు. మంచు మీద జారడానికి కాళ్ళకి తగిలించుకునే పొడుగాటి బద్దలు! ఏడాదంతా చెమటలు కారే ఊళ్ళో, మా మంచం కింద ఇవేమిటి అనుకుంటుండగానే వంటింట్లోంచి త్రివేణి ఫోన్ మాటలు వినబడ్డాయి.

"లేదు సూర్యారావు గారూ, మా ఆయనకి అస్సలు డౌట్ రాలేదు. జపాన్ ప్లాన్ సంగతి చివరిదాకా తెలియనివ్వను."

పురుషోత్తం మంచం కింద ఇంకాస్త లోపలికి ముడుచుకున్నాడు. సూర్యారావు త్రివేణి ఆఫీసులో కొత్తగా చేరాడు. పురుషోత్తం అతన్ని ఎప్పుడూ కలవలేదు, ఆఫీసు ఫొటోలో చూశాడంతే. అందరికన్నా వెనక వరసలో నిలబడ్డా భుజాల దాకా కనబడే మనిషి.

అయినా తొందరపడలేదు. సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టే టెస్టర్ కదా, రుజువు లేకుండా బగ్గు ఉందంటే ఒప్పుకోడు. మర్నాడు ఆర్చర్డ్ రోడ్డులో, చలిదేశాలకి వెళ్ళేవాళ్ళ సామాన్లమ్మే షాపొకటి వెతుక్కుని వెళ్ళాడు.

"అంకుల్, మనిషిని బట్టి స్కీ సైజు ఎలా చూస్తారు?"

చైనీస్ అంకుల్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. దానికి ఎక్కువసేపు పట్టలేదు. వెంటనే పిల్లల అరలోంచి, బాతు బొమ్మ ఉన్న జత తీసి అతని పక్కన నిలబెట్టి, సింగపూర్ వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి చెప్పాడు.

"నీకిది కరెక్ట్ లా! గడ్డానికీ ముక్కుకీ మధ్యకి రావాలి. చిన్న మనిషికి పొడుగుదిస్తే తిప్పలేడు, పడిపోతాడు."

"మరి వెడల్పు?"

"నడుము సన్నగా ఉండాలి. నీ నడుము కాదు లా, స్కీ నడుము! పాదం కిందుండే చోటు. చిన్న పాదానికి వెడల్పుది వేస్తే పక్కకి వాల్చలేవు. అవి పెద్ద పెద్ద మనుషులకి."

ఇంటికొచ్చి, త్రివేణి రాకముందే మంచం కింది జత తీసి పక్కన నిలబెట్టుకున్నాడు. గడ్డమా, ముక్కా? నెత్తి దాటి జానెడు పైకి పోయాయి! నడుం దగ్గర అరచెయ్యి పెడితే చెయ్యే చాలలేదు. అంత ఎత్తున ముక్కున్న మనిషి, త్రివేణికి తెలిసినవాళ్ళలో ఒక్కడే.

పురుషోత్తం ఏడ్చాడు. నిజంగానే వెక్కివెక్కి ఏడ్చాడు. త్రివేణి లేని ఇల్లు తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. పై అరలో కాఫీ పొడి డబ్బా తీసిచ్చేది కూడా ఆవిడే మరి. కళ్ళు తుడుచుకుని రంపం కొనడానికి వెళ్ళాడు.

పాదం ఆనే చోట, అడుగువైపు నుంచి సగానికి పైగా కోశాడు. సందులో జిగురు నింపి, నల్ల బూట్ పాలిష్ రుద్దాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరో పెట్టిన బగ్గులు పట్టుకున్నవాడు, మొదటిసారి సొంతంగా పెట్టాడు, అదీ రెండు కాళ్ళకీ. పాపం, ప్రాణం తీసే ఉద్దేశం లేదు. కొండ సగం దిగాక ఫెళ్ళున విరిగి, ఆ ఆరడుగులూ త్రివేణి కళ్ళముందు బొక్కబోర్లా పడి, కాలికి పిండికట్టుతో మూలన పడుంటే చాలు.

శుక్రవారం సాయంత్రం త్రివేణి ఆఫీసు నుంచి నవ్వుకుంటూ వచ్చింది. తిన్నగా మంచం కిందనుంచి మూట లాగి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. దానిమీద రెండు విమానం టిక్కెట్లు పెట్టింది.

"ఏవండీ, సర్‌ప్రైజ్! రేపు పొద్దున్నే జపాన్ ఫ్లైట్, మనిద్దరికీ. టీవీలో మంచుకొండలు కనబడితే నోరు వెళ్ళబెట్టి చూస్తారుగా! సూర్యారావు గారు రెండుసార్లు వెళ్ళొచ్చారట. నాకేం తెలుసని, షాపుకి ఆయన్ని తోడు తీసుకెళ్ళాను. నాకు అక్కడే అద్దెకి తీసుకుందాం. మీకు మాత్రం సొంతవి!"

పురుషోత్తం టిక్కెట్లు పక్కకి తీసి మూటకేసి చూశాడు.

"నా... నావా ఇవి?"

"మరెవరివి? మీరు కొండమీంచి జారుతూ వస్తుంటే కింద నిలబడి వీడియో తీస్తా."

ఆ వీడియో అతనికి ఇప్పుడే కళ్ళకి కట్టింది. గబగబా ఒక స్కీ లాగి పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఇవి నావెలా అవుతాయే? చూడు, నెత్తి దాటి ఎంత పైకున్నాయో! నా ఎత్తెంతో నీకు తెలీదా?"

త్రివేణి నాలిక్కరుచుకుంది.

"తెలీకేమండీ! కానీ షాపువాడు మీ ఎత్తు అడిగేటప్పటికి పక్కనే సూర్యారావు గారు తాటిచెట్టులా నిలబడి ఉన్నారు, పరాయి మగాడి ముందు నా మొగుడు పొట్టివాడని చెప్పుకుంటానా, ఈయనకన్నా ఓ అంగుళం ఎక్కువేనని చెప్పేశాను!"