పేరు లేని ప్రార్థన

"అబ్బాయ్, పేర్లు యాడికి పోయినాయి?"

కెజియా కంప్యూటర్ ముందు నిలబడి గట్టిగానే అడిగింది.

మనుబోలు దగ్గర హైవే పక్కన హెచ్ఐవీ మందులిచ్చే చిన్న మిషన్ ఆస్పత్రి అది. ఇరవై ఏళ్లుగా అక్కడి రికార్డులన్నీ కెజియా చేతి మీదుగానే నడుస్తున్నాయి.

"బీరువాలోని రిజిస్టరులోకి పోయినాయక్కా. కంప్యూటర్లో ఇంక నంబర్లే," అన్నాడు టైటస్.

ఈ టైటస్ వారం కిందట వచ్చాడు. నెల్లూరులో కంప్యూటర్ పని చేస్తాడట. రోగుల రికార్డులు కంప్యూటర్లో సర్దిపెడతా, జీతం వద్దు, మధ్యాహ్నం ఇంత అన్నం పెడితే చాలన్నాడు. ఊరికే పనిచేసే మనిషంటే కెజియాకు మొదటినుంచీ అనుమానమే.

"డాక్టరుగారు వివరాలు అడిగితే?"

"ఆయన గదిలోనే బ్రౌజర్ తెరిచి చూసుకోవచ్చు. ఎంతమంది మందులు మానేసినారు, ఎంతమంది కోలుకున్నారు, అంతే వస్తుంది. ఫైలు మాత్రం ఈ కంప్యూటరు దాటి బయటికి పోదు."

"నాకు గూడా పేర్లు కనపడవా?"

"బీరువా తాళం మీ దగ్గరే ఉండాది గదక్కా. తీసినప్పుడల్లా ఎందుకు తీసినారో రాసి సంతకం పెట్టాల."

కెజియాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమెను సంతకం అడిగినవాడు లేడు.

"మరి శనివారం ప్రార్థన ఎట్లా చేసేది?"

"ప్రార్థనా?"

"స్త్రీల కూడికలో మనవుల చీటీ చదవాల గదా! జబ్బు ముదిరినోళ్ల పేర్లు రాసుకొని పోతా. ఫలానా సహోదరి, ఫలానా జబ్బు, అందరూ మోకరించండమ్మా అంటా. పదిమంది గొంతు కలిపితే దేవుడు వినకుండా పోతాడా?"

"పేరూ జబ్బూ రెండూ చెప్తారా?"

"చెప్పకుంటే ఎవరికోసరమో తెలిసేదెట్లా?"

టైటస్ కీబోర్డు మీదనుంచి చేతులు తీసేశాడు.

"చదివేది మీరేనా అక్కా?"

"నేనే," అంది కెజియా గర్వంగా.

అతను లేచి వెళ్లి కుండలో నీళ్లు తాగి వచ్చాడు.

"నంబరు చెప్పినా దేవుడికి తెలుస్తుందక్కా," అన్నాడు మెల్లగా. మళ్లీ పనిలో పడ్డాడు.

మర్నాడు కెజియా కిటికీలోంచి తొంగి చూసింది. స్క్రీన్ మీద ఒకే ఒక్క రోగి వివరాలు. నంబరు నూట పద్దెనిమిది. నెలనెలా మందులు తీసుకున్న తేదీలు వరసగా ఉన్నాయి. ఒక జూన్ తర్వాత అన్నీ ఖాళీ గళ్లే.

ఆ ఖాళీ గళ్లను చూస్తూ టైటస్ అరగంట కదల్లేదు.

కెజియా నేరుగా డాక్టర్ జ్ఞానప్రకాశం గదికి పోయింది.

"మాకు నీతులు చెప్పి, తాను మాత్రం ఒక రోగి ఫైలు తెరిచి కూర్చున్నాడు సార్. ఏం ఎత్తుకుపోతాడో ఏమో!"

డాక్టరుగారు మెత్తటి మనిషి. కానీ కెజియా మాటను ఆయన ఏనాడూ కాదనలేదు.

"రేపటినుంచి రావద్దులే నాయనా," అన్నాడు టైటస్‌ను పిలిచి.

"మంచిది సార్. పని నిన్నటితోనే అయిపోయింది."

ఎందుకని అడగలేదు. ఎవరు చెప్పారని అడగలేదు. పోతూపోతూ ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి మానిటరుకు అంటించాడు.

"ఏదన్నా ఆగిపోతే ఫోన్ చేయండక్కా. ఎప్పుడైనా సరే, వస్తా."

పీడ వదిలిందనుకుంది కెజియా.

నెల తిరిగింది. ఒకరోజు డాక్టరుగారు కాగితం పట్టుకుని వచ్చాడు.

"గూడూరు ఆస్పత్రి నుంచి కబురమ్మా. మన కార్డు నంబరు నూట పద్దెనిమిది ఉన్నామె చనిపోయి ఏడాదైందట. మందులు మానేసిందట పాపం. రిజిస్టరులో ఎక్కించు."

కెజియా బీరువా తీసింది. కారణం రాసి సంతకం పెట్టింది. వేలితో వరస వెతికింది.

నూట పద్దెనిమిది. అబిగయీలు.

కెజియా అక్కడే స్టూలు మీద కూలబడింది.

హైవే పక్కన ఇడ్లీలు అమ్మే అబిగయీలు! ఆ జూన్‌లో ఆమెకోసం కూడికలో కన్నీళ్లు పెట్టుకుని మరీ ప్రార్థన చేయించింది కెజియా. ఆదివారం సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. సోమవారం నుంచి ఆమె చేతి ఇడ్లీ ముట్టినవాడు లేడు. తర్వాత ఆమె ఆస్పత్రికి రావడమూ మానేసింది. చిల్లకూరు వైపు పోయిందని ఎవరో అంటే, ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకుని కెజియా మరిచిపోయింది.

"నా నోటితోనే గదా ప్రభువా!" అంది పైకే.

పెన్ను పట్టుకుంది. మరణించిన తేదీ రాసింది. అదే వరస చివర, కబురు చేయవలసినవారు అనే గడి కనపడింది.

'తమ్ముడు' అని ఉంది. పక్కనే ఫోన్ నంబరు.

కనీసం ఆ పిల్లవాడికైనా ఫోన్ చేసి క్షమించమని అడుగుదామని, కెజియా ఒక్కో అంకె పైకి చదువుకుంటూ తలెత్తింది. మిగిలిన అంకెలు మానిటరుకు అంటించిన చీటీ మీదే ఉన్నాయి.