గిటారు ఆగిన చోటు

కాలేజీ సెలవులకు సొంతూరు ముంచింగిపుట్టు వచ్చిన జగదీష్, టేప్‌రికార్డర్‌లో తన అభిమాన రాక్ గిటారిస్టు క్యాసెట్ పెట్టాడు. తల్లి ఈశ్వరమ్మ తిరగలిలో చోళ్ళు పోసి పిండి విసురుతూ వింటోంది.

"ఇక్కడినుంచి ఇనమ్మా. గిటారు టక్కున ఆగిపోయి, మళ్ళీ ఎత్తుకుంటాది. ఇలాటి ఆలోచన ఇంకెవుడికీ రాదు. హాస్టల్లో అందరం ఈ చోటుకే ఈలలేత్తాం."

తిరగలి ఆగింది. ఈశ్వరమ్మ క్యాసెట్ అట్ట మీది ఫొటో చాలాసేపు చూసింది.

"నువ్వు పసిగుంటడివప్పుడు ఈ బాబు మనింటికొచ్చాడు. నా తిరగలి పాట టేపు సేసుకున్నాడు. నా పేరేత్తానన్నాడు. ఉందేటి?"

జగదీష్ అట్ట రెండువైపులా వెతికాడు. "బాణీ కూడా ఆయనదేనని రాశాడమ్మా."

"నేనాగిన చోటు కూడా వదల్లేదు," అందామె. "అది పాటకోసం ఆగలేదురా. నువ్వు నా వీపు మీంచి జారిపోతంటే, పైకి లాక్కుని కట్టుకున్నాను."